నోరు మూసుకుని పాడిన పాట

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత నన్ను ఎవరూ అనరు. మా ఆయన పెళ్లయిన మూడో రోజే కనిపెట్టాడు. "నీకొక్క ముచ్చట చెప్తే మైకుల చెప్పినట్టే" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ రహస్యమైనా నాకు అందరికంటే చివర తెలుస్తుంది. అలాంటిదాన్ని బతుకులో ఒకే ఒక్కసారి ఎనిమిది రోజులు నోరు కుట్టుకుని తిరిగాను. అదెలా తిరిగానో ఇప్పటికీ నాకే నమ్మకం కుదరదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మా ఆయనకు దుమ్ముగూడెం వైపు ఉద్యోగం పడటంతో తల్లాడ నుంచి మూటాముల్లె సర్దుకుని అడవి అంచుకు వచ్చాం. అక్కడ మిషన్ వాళ్ల చిన్న దవాఖానా ఒకటి, దాన్ని ఆనుకుని కోయ ఆడపిల్లలు చదువుకునే హాస్టలు ఒకటి ఉండేవి. మాదీ చర్చికి పోయే కుటుంబమే కాబట్టి, ఫాదర్ ఒక మాట చెప్పి నన్ను హాస్టలుకు వార్డెన్‌గా పెట్టించాడు. వార్డెన్ అంటే పేరుకే. వంట నాదే, పిల్లల తలల్లో పేలు చూసేదీ నేనే, జ్వరం వస్తే పక్కన కూర్చునేదీ నేనే. అయినా ఆ ఉద్యోగం నాకు భలే నచ్చింది. మాట్లాడటానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు.

దవాఖానా నడిపేది తెల్ల సిస్టరమ్మ. పోలండ్ మనిషి. అరవై దాటాయి, మా వంటింటి గుమ్మంలోంచి తల వంచి లోపలికి వచ్చేంత ఎత్తు, మోకాళ్లు మాత్రం అరిగిపోయాయి. తెలుగు పుస్తకం పట్టి నేర్చుకోలేదు, మందుల కోసం వచ్చే ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది. అందుకని ఆమె నోటి వెంట వచ్చేది అచ్చంగా మా అడవి అంచు తెలుగే. "ఏందే బిడ్డా, జొరమొచ్చి మూడొద్దులాయె, గిప్పుడా వచ్చుడు?" అని కసిరితే, కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట ఎవరన్నారా అని వెనక్కి తిరిగి చూసేవాళ్లు. నేను మొదటి వారం ఆమెను చూసి ఇంగ్లీషు కూడబలుక్కుంటూ నిలబడితే, "తిన్నవా లేదా గది చెప్పు ముందు" అంది. సిగ్గుతో చచ్చాను.

ఆమెకో అలవాటు ఉండేది. సూది వేసినా, పుండుకు కట్టు కట్టినా, పెదవులు గట్టిగా బిగించి ముక్కుతో ఒక రాగం తీసేది. మాటలుండవు, ఉత్త కూనిరాగం. ఎక్కువసేపేం కాదు, కట్టు ముడి పడేలోపు అయిపోతుంది. రాగం చివరికి వచ్చేసరికి ఎదుట ఉన్నవాళ్ల నెత్తి మీద అరచెయ్యి నిండుగా ఆనించేది. అంతే, ఇక లేచి పోవచ్చు. జనానికి అది మందులో భాగమైపోయింది. ఎప్పుడైనా రద్దీలో ఆమె మరిచిపోతే ముసలమ్మలు బల్ల మీదనుంచి లేచేవాళ్లు కాదు. "చెయ్యి పెట్టలేదమ్మా" అని గుర్తు చేసేవాళ్లు. హాస్టలు పిల్లలు పరీక్షలకు పోయే ముందు వరస కట్టి మరీ నెత్తులు వంచేవాళ్లు. నేనొక్కదాన్నే ఆ వరసలో ఎప్పుడూ లేను. నాకు జ్వరమంటూ వచ్చి చస్తే కదా! పైగా ఆ టైముకు నా చేతుల్లో ఏ గంజి గిన్నెనో, పప్పు గరిటెనో ఉండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వంటింటి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాం. నేను, సిస్టరమ్మ, కూతుర్ని చూడటానికి వచ్చిన ఒక కోయ తల్లి. నేను ఊరుకుంటానా, అడిగేశాను. "సిస్టరమ్మా, గా పాట ఏం పాట? మాటలు పాడొచ్చు గదా, మేం గూడ నేర్చుకుంటం."

"మాటలు నాకు తెలువయ్ బిడ్డా" అంది.

ఆ రోజే ఆమె తన వాళ్ల సంగతి చెప్పింది. నేను పోలండ్ అంటే ఆమె పోలండ్‌లోనే పుట్టిందనుకున్నాను. కాదట. ఆమె పెద్దలు పోలిష్ వాళ్లే కానీ తరాల నుంచి ఉక్రెయిన్ పల్లెల్లో సేద్యం చేసుకుంటూ ఉండేవాళ్లు. ఆ రోజుల్లో అది సోవియట్ రాజ్యం. సరిహద్దుకు దగ్గరగా ఉన్నారు, వేరే భాష మాట్లాడతారు, చర్చికి పోతారు, వీళ్లను నమ్మరాదు అని రాజ్యం వాళ్లకు అనుమానం. ఒక రోజు ఊళ్లకు ఊళ్లే సామాన్ల రైలు ఎక్కించారు. రోజుల తరబడి ప్రయాణం. కజకిస్తాన్‌లో చెట్టూ చేమా లేని మైదానంలో దింపారు. అక్కడ నేలలో ఒక గుంజ పాతి ఉంది. గుంజ మీద ఒక అంకె రాసి ఉంది. "ఇదే మీ ఊరు" అన్నారు.

"ఇండ్లు?" అని అడిగాను.

"ఏడ ఇండ్లు బిడ్డా? గడ్డితోని సహా మన్ను ఇటుకల్లెక్క కోసిండ్రు. గవే గోడలు. ఊరు దాటాల్నంటే ఆఫీసరు కాయితం ఉండాలె. కాయితం లేకుంటే జైలే."

సిస్టరమ్మ ఆ మట్టి గోడల మధ్యే పుట్టింది. ఆమె పుట్టకముందే తాతను సంతకం పెట్టాలని పిలిపించారు. పోయినవాడు రాలేదు. నాన్న కూడా అలాగే పోయాడు. అమ్మ సర్కారు పొలంలో పనికి పోయేది, అమ్మమ్మే పెంచింది. చర్చి లేదు, ఫాదర్ లేడు, ప్రార్థన చేస్తే నేరం. పెద్దవాళ్లు దొంగచాటుగా చేసుకునేవాళ్లు. చిక్కంతా పిల్లలతోనే. బడిలో టీచర్లు ముద్దుగా దగ్గరికి పిలిచి, ఇంట్లో ఏం పాడతారు, ఏం చదువుతారు అని అడిగేవాళ్లట. ఈస్టరు పండక్కి వాళ్లు ఉల్లిపొట్టు వేసి గుడ్లు ఉడికించి రంగు తెస్తారు. మర్నాడు బడిలో పిల్లల వేళ్లు చూసేవాళ్లట, ఎర్రగా ఉన్నాయేమోనని.

అంతవరకూ ఏమీ మాట్లాడని కోయ తల్లి అప్పుడు తలెత్తింది. "మా దగ్గర గూడ గంతే గదమ్మా. రాత్రి ఎవలొచ్చిండ్రు, ఎవలు బువ్వ పెట్టిండ్రు అని పొద్దుగాల పిల్లల్నే అడుగుతరు" అని మళ్లీ పిక్కల్లో పడింది. అవి అలాంటి రోజులు. అడవిలో తిరిగేవాళ్లు ఒకవైపు, వాళ్లను వెతికేవాళ్లు ఒకవైపు. మధ్యలో ఊళ్లవాళ్లు నోరు మూసుకుని బతికేవాళ్లు. నాలాంటిది ఆ ఊళ్లలో పుట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకే భయమేస్తుంది.

"అందుకని మా అమ్మమ్మ ఏం జేసిందంటే" అని సిస్టరమ్మ అందుకుంది. "మాటలు లేకుంట రాగమొక్కటే తీసేది. నోరు మూసుకుని. రొట్టె పిండి పిసుక్కుంట, పొద్దుగూకే యాల గుమ్మంల నిలబడుకుంట. మాటల్లేకుంటె పిల్ల బడిల ఏం చెప్తది? కడకు నా నెత్తి మీద చెయ్యి పెట్టేది. పెద్దగైనంక మాటలు చెప్తనన్నది. చెప్పకముందే సచ్చిపాయె."

ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిపడ్డ ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా ఆ రాగం విని, ఇదేదో పాత ప్రార్థన అనుకుని పట్టుకున్నారట. ఊరంతా పని చేసుకుంటూ, శిలువ గుర్తు వేసుకుంటూ అదే కూనిరాగం. సిస్టరమ్మ నర్సయింది. తెల్లకోటు కింద శిలువ దాచుకుని రహస్యంగా సిస్టరు కూడా అయింది. ఆ రాజ్యం కూలిపోయాక పోలండ్ వెళ్లి, అప్పుడు గానీ బాహాటంగా సిస్టరు బట్టలు వేసుకోలేకపోయింది. అక్కడ ఫాదర్లనూ, చర్చి పాటలు తెలిసిన పెద్దవాళ్లనూ అందరినీ అడిగింది. రాగం తీసి వినిపించింది. ప్రార్థన పుస్తకాలన్నీ తిరగేశారట. ఎక్కడా లేదు.

"సచ్చేలోపు ఆ మాటలు తెల్సుకోవాలె బిడ్డా. నాకు ఇంకేం ఆశ లేదు" అంది. ఉప్పు నిండుకుందని చెప్పినంత మామూలుగా. పిక్కలు చేటలో వేసి లేచి దవాఖానాకు పోయింది.

ఇక నా ఉత్సాహం ఆగలేదు. ఆ రాగాన్ని పిల్లలకు నేర్పించాను. కోయ పిల్లలకు పాటంటే ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ నోరు మూసుకుని పాడమంటే మాత్రం ముక్కుల్లోంచి నవ్వులు వచ్చేవి. ఒకతి నవ్వితే నలుగురు నవ్వేవాళ్లు. నేను గరిటె పట్టుకుని ఎదుట నిలబడి, "నోరు తెరిచినోళ్లకు ఇయ్యాల గుడ్డు లేదు" అనేదాన్ని. గుడ్డు మాట వినగానే నలభై నోళ్లు ఠక్కున మూతపడేవి. ఆ ఏడు క్రిస్మస్‌కి సిస్టరమ్మ ముందు పాడించాలని మా పథకం. ఆమెకు అదే ఆఖరి క్రిస్మస్ ఇక్కడ. మోకాళ్లు బాగా పోయాయి, వీసా కూడా ఇక పొడిగించరట, ఫిబ్రవరిలో తిరిగి వెళ్లిపోవాలి.

డిసెంబరులో వాళ్ల సంఘం పెద్ద సిస్టరమ్మ పోలండ్ నుంచి చూడటానికి వచ్చింది. తోడుగా ఒక వంట సిస్టరు. గుండ్రటి మనిషి, బుగ్గలు ఎర్రగా, వచ్చిన రోజే నా వంటింట్లో దూరి చింతపండు నాకి కళ్లు మూసుకుంది. ఆమెదీ సిస్టరమ్మ పెద్దలు ఉండిన ఆ సరిహద్దు పల్లెల వైపే. వాళ్లవాళ్లను మాత్రం రైలెక్కించలేదట. ఇంగ్లీషు ఆమెకు ఎంత వచ్చో నాకూ అంతే వచ్చు. కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

పండుగ ముందు రోజు సాయంత్రం పిల్లలు వరసగా నిలబడి రాగం ఎత్తుకున్నారు. సిస్టరమ్మ మొదట అయోమయంగా చూసింది. తర్వాత చేతులు జోడించి కళ్లు మూసుకుంది. నేను పొంగిపోతూ పక్కకు చూశాను కదా, వంట సిస్టరు పమిట లాంటి ఆ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వు! ఆపుకోలేక లేచి వంటింట్లోకి పరిగెత్తింది. నాకు ముక్కు మీద కోపం కదా, వెంట పడ్డాను. నా పిల్లలు పాడుతుంటే నవ్వుతుందా!

"వై లాఫ్?" అని నిలదీశాను.

ఆమె పొట్ట పట్టుకుని, "గూస్! గూస్ సాంగ్!" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు మోచేతులు రెక్కల్లా ఆడించి, పిరుదులు తిప్పుతూ వంటింట్లో నడిచింది. ఓయమ్మో! బాతు! పంట కోతలయ్యాక మధిర వైపు పొలాల్లో బాతుల మందలను తోలుకొచ్చేవాళ్లను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఆ నడక తెలియకపోవడమేంటి. ఆమె స్టీలు గ్లాసులు వరసగా బోర్లించింది. పొద్దుగూకింది అని చెప్పడానికి చెయ్యి కిందికి దించింది. నడుం వంచి ముసలమ్మయింది. ఒక్కో గ్లాసు మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. ఆఖరున చెయ్యి గాల్లో ఆగింది. ఒకటి తక్కువ. "వన్ నో కమ్. డోర్ నో క్లోజ్" అంటూ గుమ్మం దగ్గరికి పోయి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆ రాగమే, ఈసారి మాటలతో, గొంతు తగ్గించి పాడింది. పాడుతూ పాడుతూ గిర్రున తిరిగి నా నెత్తి మీద చెయ్యి ఠపీమని వేసి, "కమ్! వన్ కమ్!" అంది.

వాళ్ల పల్లెల్లో ముసలమ్మలు పిల్లల్ని ఆడించే పాట అది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. అప్పుడే ఇద్దరం కిటికీలోంచి బయటకు చూశాం. పాట అయిపోయింది. సిస్టరమ్మ ఇంకా చేతులు జోడించుకునే ఉంది, చెంపలు తడిసి ఉన్నాయి. "గ్రాండ్‌మదర్ టీచ్. డైలీ ప్రేయర్" అన్నాను నేను, నాకొచ్చిన ఇంగ్లీషులో. వంట సిస్టరు నవ్వు చప్పున ఆగిపోయింది. వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"నో టెల్. హర్ ప్రేయర్. ఆల్ లైఫ్ ప్రేయర్. నో టెల్" అంది నా చెయ్యి పట్టుకుని.

నాకూ అదే అనిపించింది. ఎన్నేళ్లుగా ఆమె ఆ రాగంతో జ్వరాలు తగ్గించింది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చుంది. అది బాతుల పాట అని చెప్పి ఆమె ప్రార్థనంతా ఎలా లాగేసుకోవడం? ఒట్టు పెట్టేశాను. మర్నాటి పండుగ అయ్యాక పెద్ద సిస్టరమ్మ, వంట సిస్టరు ఇద్దరూ భద్రాచలం వెళ్లి బస్సెక్కారు. ఒట్టు నా నెత్తిన పడింది.

ఇక నా అవస్థ ఏమని చెప్పను! సిస్టరమ్మ కనబడితే పక్కకు తప్పుకునేదాన్ని. దవాఖానాలోంచి ఆ రాగం వినబడితే కడుపులో బాతులు తిరిగేవి. కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన, "ఏంది, నాలుగొద్దుల సంది సప్పుడు జేస్తలేవు, దవాఖానాకు పోదామా?" అని నిజంగానే కంగారు పడ్డాడు. ఆయనకు కూడా చెప్పలేదు. అదీ నా ఘనకార్యం.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సిస్టరమ్మ వంటింట్లోకి వచ్చి నా ఎదుట స్టూలు మీద కూర్చుంది. నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. తనూ గుప్పెడు తీసుకుని ఈనెలు లాగుతూ, "పెద్ద సిస్టరమ్మను గూడ అడిగిన బిడ్డా. ఆమెకు గూడ తెల్వదంట. ఆ మాటలు తెల్వకుంటనే పోతున్న. ఏం జేస్తం, పైకి పోయినంక అమ్మమ్మనే అడుగుత" అంది, చిన్నగా నవ్వి.

ఇక నా వల్ల కాలేదు. చిక్కుడుకాయలు నేల మీద పారేసి లేచాను.

"సిస్టరమ్మా, అది ప్రార్థన కాదు! బాతుల పాట!"

ఆమె చేతిలో ఈనె అలాగే ఆగిపోయింది. "ఏంది?" అంది.

చెప్పడం మొదలుపెడితే మాటలు చాల్లేదు. గ్లాసులు బోర్లించాను. మోచేతులు ఆడిస్తూ నడిచాను. నడుం వంచాను. లెక్కపెట్టాను. "ఒకటి రాలే సిస్టరమ్మా, తలుపు ముయ్యదు ముసల్ది" అని తలుపు దగ్గరికి పోయాను. ముక్కుతో ఆ రాగం తీశాను, నోరు మూసుకుని, మా పిల్లలకు నేర్పినట్టే. వంట సిస్టరు ఎలా చేసిందో అలాగే గిర్రున తిరిగి సిస్టరమ్మ నెత్తి మీద అరచెయ్యి వేసి, "వచ్చింది! ఒకటి వచ్చింది!" అన్నాను.

అని అలాగే ఉండిపోయాను. పెద్దామె నెత్తి మీద చెయ్యి వేశానని అప్పుడు తెలిసింది నాకు. తీసేయబోతే ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. కళ్లు మూసుకుంది. నా చెయ్యి కింద ఆమె తల వణుకుతోంది. చంపేశాను రా దేవుడా అనుకున్నాను.

కళ్లు తెరవకుండానే అంది, "అమ్మమ్మ గీడనే పెట్టేది. సరిగ్గ గీడనే."

"తప్పయింది సిస్టరమ్మా, నేను చెప్పకపోదును..."

"దేవున్ని పిలుస్తున్నదనుకున్న బిడ్డా. గిన్నేండ్లు గట్లనే అనుకున్న. తాత పాయె, నాన్న పాయె, ఇంటికి రానోళ్లే అందరు. రోజు పొద్దుగూకితే గుమ్మంల నిలబడి నన్ను పిల్చింది. నేను వచ్చిన్నని నెత్తి మీద చెయ్యి పెట్టి లెక్క జూసుకున్నది."

"మరి మాటలు ఎందుకు చెప్పలేదు? బాతుల పాటే గదా. బాతులకేం భయం?"

"మా భాషల ఏది పాడినా తప్పే. బాతులైనా, దేవుడైనా" అంది. అని ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి, కన్నీళ్లతోనే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో, ఊరు ఊరంత! పెద్ద పెద్ద ముసలోళ్లు, శిలువ గుర్తులేసుకుని, మోకాళ్ల మీద కూసోని బాతుల పాట! మా అమ్మమ్మ ఒక్క మాటన్న అన్లేదు! ఎంత నవ్వుకున్నదో లోపట!"

ఇద్దరం ఆ వంటింటి నేల మీద చతికిలబడి, చిక్కుడుకాయల మధ్య, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఏమైందోనని పిల్లలు కిటికీకి మొహాలు ఆనించారు. నవ్వు కాస్త తగ్గాక నా అనుమానం అడిగేశాను. "మరి ఇన్నేండ్లు మీరు చేసిన ప్రార్థన ఏమాయె?"

"దేవునికి బాతులంటే పడదా ఏంది?" అంది కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు దవాఖానాలో మళ్లీ అదే రాగం, నెత్తుల మీద అదే చెయ్యి. ఒక్కటే తేడా, ఇప్పుడు చెయ్యి పెట్టేటప్పుడు పెదవుల చివర చిన్న నవ్వు కనబడేది. నాకు మాత్రమే తెలిసిన నవ్వు.

ఫిబ్రవరిలో భద్రాచలం నుంచి జీపు వచ్చింది. ఊరంతా గేటు దగ్గరే ఉంది. పిల్లలు నోళ్లు మూసుకుని పాడారు, ఈసారి గుడ్డు ఆశ చూపక్కర్లేకపోయింది. సిస్టరమ్మ వరసలో ఒక్కొక్క నెత్తి మీదా చెయ్యి పెట్టుకుంటూ వెళ్లింది. ముసలమ్మలకు, పసిపిల్లలకు, జీపు డ్రైవరుకు కూడా. నేను అక్కడ ఉండలేకపోయాను. గంజి పొంగుతోందని ఎవరూ అడక్కుండానే చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బయట జీపు స్టార్టయింది. కదలడం మాత్రం లేదు. డ్రైవరు గొంతు విసుగ్గా వినబడింది. "అమ్మా, డోర్ వేసుకోండ్రి, జల్దీ పోవాలె. బస్సు దొరకదు."

"ఆగు బిడ్డా. డోర్ వెయ్యకు" అంది సిస్టరమ్మ, ఊరంతా వినేలా. "బాతు ఒకటి రాలే."

జనానికి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, తిట్టుకుంటూ, బయటకు నడిచాను. ఆమె జీపులోంచే చెయ్యి చాపి ఉంది. నేను దగ్గరికి పోయి తల వంచాను.